లీటరుకు అయిదు కిలోమీటర్లు

1979 జూలై 9, సోమవారం

ఈ లాగ్‌బుక్కు నిండిందని ఆఫీసుల కొత్తది ఇచ్చిండ్రు. దీని వెనకదిక్కు ముప్పై పేజీల దాక ఖాళీ ఉన్నయ్. పారెయ్యబుద్ధి కాలే. ఎవ్వరు చూడరు గనుక రాస్తాన.

పొద్దున డాక్టర్ సుందర్ రావు గారు పిలిచి కూసోమన్నడు. ఈ దవాఖానల పదకొండేండ్లు డ్రైవర్‌గ చేసిన, ఆయన ముందర కుర్చీల కూసున్నది ఇది రెండోసారి. మొదటిసారి నా భార్య కృపమ్మ చనిపోయిన నాడు. అందుకే కుర్చీ అంచు మీదనే కూసున్న.

సంగతి డీజిలు. ఎక్కడ దొరుకుతలేదు, పంపుల కాడ లారీలు మైలు పొడుగు నిలబడి ఉంటానయ్. కలెక్టరాఫీసు పర్మిట్ మీద ఊర్లు తిరిగే మన దవాఖాన బండికి, ఇల్లుబండికి, నెలకు నూట యాభై లీటర్లే ఇస్తరట. ఇప్పటిదాక రెండువందల ఇరవై తాగుతాంది. బండి లీటరుకు మూడున్నర కిలోమీటర్లు ఇస్తాంది. ఇట్లయితే మల్లాయకుంట, గూడూరు క్యాంపులు బంద్ పెట్టాలె, లేకుంటే బండినే షెడ్డుల పెట్టాలె అన్నడు. షెడ్డుల పెడితే నాకు జీపు ఇస్తరు. బండిల నర్సు లిదియా సిస్టర్‌ను వార్డుల వేస్తరు.

"లీటరుకు అయిదు తెస్త సార్" అన్న. అయిదు వస్తే నూట యాభైతోని అన్ని ఊర్లు తిరుగొచ్చు. ఎట్ల తెస్తవు అని ఆయన అడగలే, నేను చెప్పలే. ఒక నెల చూద్దాం యోసేపూ అన్నడు.

ఎందుకన్ననో ఏమో. మల్లాయకుంటోళ్ళకు వేరే దవాఖాన లేదు కద.

జూలై 11

బండిని కాశిబుగ్గ కాడ మెకానిక్ యాకయ్య షెడ్డుకు తీసుకపోయిన. నాజిళ్ళు విప్పి కడిగిండు. ఎయిర్ ఫిల్టర్ దులిపితే శేరెడు దుమ్ము రాలింది. టైర్లల గాలి తక్కువున్నది, ఇన్ని రోజులు నేనే చూడలే. సిగ్గనిపించింది. ఇంకేం చెయ్యాలె అంటే బరువు దించుమన్నడు. బండి ఉత్తగ నిలబడ్డప్పుడు ఇంజను నడపొద్దన్నడు. పరాయి దేశపోళ్ళు ఇచ్చిన ఈ బండిల ఇంజను నడిస్తేనే లోపల ఫ్యాన్లు, లైట్లు నడుస్తయ్. క్యాంపుల గంటలు గంటలు అట్లనే నడిపేటోణ్ణి.

జూలై 15, ఆదివారం

చర్చి అయిపోయినంక బండిని దవాఖాన వాకిట్ల పెట్టి ఖాళీ చేసినం. మంగళవారం పోతే శనివారం దాక ఇల్లంటే ఇదే. రెండు పడకలు, పొయ్యి, చేతులు కడిగే తొట్టి, పేషెంట్లను పండుకోబెట్టే బల్ల, మందుల అల్మార. సిస్టరు, ఆయా మొగిలమ్మ లోపల పండుకుంటరు. నేను ఊరి బడి వరండాల.

పైనున్న ఇనుప క్యారియర్ విప్పిన. స్పేర్ మంచం దించిన. నీళ్ళ ట్యాంకు సగమే నింపుదామన్న, ఊర్లల బావులున్నయ్ కద. మొగిలమ్మ సన్నెకల్లు గూడ దించుమని నేనంటే, అది లేకుంటే పచ్చడి నీ నెత్తి మీద నూరాల్నా కొడుకా అన్నది. అయినా దించింది, పావుగంట తిట్టినంక.

లిదియా సిస్టర్ తన ఇనుప పెట్టె చూపించి, "ఇది ఎంత బరువుంటది అన్నా" అని అడిగింది. ముప్పై కిలోలుంటది అన్న. దాన్ని పట్టుకొని కొద్దిసేపు నిలబడ్డది. తర్వాత దించుమన్నది. నర్సుల క్వార్టర్ల నేనే మోసి పెట్టిన.

అండ్ల ఏమున్నదో నేను అడగలే. మొగిలమ్మే చెప్పింది. సిస్టర్ భర్త తొమ్మిదేండ్ల కింద భిలాయిల నౌకరి అని పోయిండు. మొదటి ఏడాది మాత్రమే ఉత్తరాలు వచ్చినయట. అండ్ల ఆయన అంగీలు, బూట్లు ఉన్నయట.

మొత్తం రెండు క్వింటాళ్ళ దాక తగ్గింది.

జూలై 17, మంగళవారం

ఇయ్యాల్టి సంది ముప్పై అయిదు మీద నడుపుతాన. ముందుగాల యాభై మీద పోయేటోణ్ణి. స్పీడు పెరిగిన కొద్ది డీజిల్ తాగుతదని అందరికి తెలుసు.

వరంగల్ నుండి నెక్కొండ మీదంగ మల్లాయకుంటకు యాభై రెండు కిలోమీటర్లు, గుంతల తొవ్వ, నడుమ రైలుగేటు. ఎనిమిదిన్నరకు బయలెల్లినం. ఎప్పుడు పదికి పోయేటోళ్ళం, ఇయ్యాల పదీ నలభై అయింది. మల్లాయకుంటోళ్ళు ఏమనలే.

నీళ్ళు సగమే ఉన్నయ్ గనుక వెనక ఎగిరెగిరి పడుతాంది. మొగిలమ్మకు ఎక్కడైన నిద్ర పడుతది. సిస్టర్ వచ్చి ముందర సీట్ల కూసున్నది.

జూలై 24, మంగళవారం

నెక్కొండ రైలుగేటు పడితే ఇంజను బంద్ చేసిన. డీజిల్ మిగులుతది. ఇంజను బంద్ అయితే ఎంత నిశ్శబ్దం ఉంటదో పదకొండేండ్లల తెల్వలే. సిస్టర్ నాయిన గేట్‌మన్ అట, ఇదే లైన్ల. రైలు కనబడకముందే ఇది గూడ్సు, ఇది ప్యాసెంజరు అని చెప్పింది. రెండుసార్లు చెప్పింది, రెండుసార్లు నిజమే అయింది. పట్టాల మీద చెవి పెట్టి వింటే నాయిన కొట్టేటోడట.

ముందుగాల గేటు పడితే నేను గేట్‌మన్‌ను తిట్టేటోణ్ణి.

ఆగస్టు 12

నెల లెక్క తీసిన. లీటరుకు నాలుగు పాయింట్ ఆరు. డాక్టరు గారు మెచ్చుకున్నడు. ఆఫీసుల అందరికి చెప్పిండట. క్యాంపులు ఏవి బంద్ కావు.

క్యాంపుల ఫ్యాన్ లేక సిస్టర్ చెమటకు తడిసిపోతాంది. మొగిలమ్మ విసనకర్ర పట్టుకొని విసురుతాంటే పేషెంట్లకు విసురు అంటాంది.

ఆగస్టు 28, మంగళవారం

ఇయ్యాల సిస్టర్ నన్ను 'అన్నా' అనలే. పొద్దున సంది సాయంత్రం దాక ఒక్కసారి గూడ అనలే. మొగిలమ్మను మొగిలవ్వా అని పదిసార్లు పిలిచింది. నాతోని మాట్లాడింది, అన్నీ మాట్లాడింది. ఆ మాట ఒక్కటి లేదు.

మర్చిపోయి ఉంటది.

సెప్టెంబర్ 4

ఇయ్యాల గూడ అనలే.

సెప్టెంబర్ 16, ఆదివారం

యాకయ్య బండి చూసి నవ్విండు. ముప్పై అయిదు మీద టాప్ గేర్ల గుంజుతానవా, ఇంజను ఏడుస్తాంది అన్నడు. ఇంత పెద్ద బండికి నలభై అయిదే మంచిదట. అంతకు తక్కువ పోతే మిగిలేదేం లేదట, డీజిల్ ఇంక ఎక్కువనే పోతదట.

యాకయ్యకు లారీలు తెలుసు. ఈ బండి సంగతి వేరు.

సెప్టెంబర్ 24, సోమవారం

డాక్టరు గారిని అడిగి బండిని ఒక్కణ్ణే నెక్కొండ తొవ్వకు తీసుకపోయిన. ట్యాంకు మూతి దాక నింపి, పోయేటప్పుడు నలభై అయిదు మీద పోయిన. మళ్ళ కొలత డబ్బతోని మూతి దాక నింపిన. వచ్చేటప్పుడు ముప్పై అయిదు మీద వచ్చిన.

గాలి ఎదురు కొట్టింది. లెక్క సరిగ్గ రాలే. మళ్ళొకసారి చూడాలె.

అక్టోబర్ 9, మంగళవారం

గేటు పడలే.

అక్టోబర్ 16, మంగళవారం

గేటు కాడ పద్దెనిమిది నిమిషాలు. గూడ్సు తర్వాత ఇంకో గూడ్సు.

నెక్కొండల చాయ్ తాగి పోవుడు అలవాటయింది. సిస్టర్ దిగది, సీట్లనే కూసుంటది, నేను గ్లాసు తీసుకపోయి ఇస్త. పల్లీలు కొంటే పొట్టు తీసి సగం నా దిక్కు జరుపుతది. స్టీరింగ్ మీద చేతులుంటయ్ కద, తీసుకోవాల్నంటే ఆమె ఇయ్యాలె. ఒక్కొక్కటి ఇస్తది.

కృపమ్మ పోయి ఆరేండ్లు. ఆమెను యాది చేసుకుంట సిస్టర్‌తోని చెప్పిన. బాగ కొట్లాడేదని, నా దస్తూరి చూసి నవ్వేదని. సిస్టర్ అంతా విన్నది. తన భర్త గురించి ఏం చెప్పలే. కట్టె లెక్క సక్కగ కూసొని తొవ్వ చూసింది.

నవంబర్ 20, మంగళవారం

మల్లాయకుంటల గట్టయ్య భార్య మల్లక్కకు వచ్చే నెల నొప్పులొస్తయట. మొదటి కాన్పు. సిస్టర్ పొట్ట చూసి బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదేమో, వరంగల్ తీసుకపోదాం అన్నది. అత్త ఒప్పుకోలే. మంగళవారం మంగళవారం ఇల్లుబండి రానే వస్తాంది కద, పదింటికల్ల మా వాకిట్ల ఉంటది కద అన్నదట, ఇంక ముందటి లెక్కనే పట్టుకొని.

ఈ నెల నాలుగు పాయింట్ ఎనిమిది. డాక్టరు గారు నోటీసు బోర్డు మీద నా పేరు రాయించిండు.

డిసెంబర్ 11, మంగళవారం

రాయబుద్ధి అయితలేదు గాని రాయాలె.

చలికి బండి స్టార్ట్ కాక ఎనిమిదీ ముప్పై అయిదుకు బయలెల్లినం. ముప్పై అయిదు మీదనే వచ్చిన. గేటు పడ్డది, తొమ్మిది నిమిషాలు. చాయ్ కాడ పది నిమిషాలు. ఎప్పటి లెక్కనే. సిస్టర్ తన చిన్నప్పటి సంగతి ఏదో చెప్పుతాంది, నాయిన లాంతరు తుడిచే సంగతి. నేను నవ్వుతాన.

మల్లాయకుంట పొలిమేర కాడ గట్టయ్య రోడ్డు నడుమల నిలబడ్డడు. చేతుల తువ్వాల. బండి ఆగకముందే తలుపు పట్టుకున్నడు. పదీ యాభై అయింది.

మల్లక్కకు తెల్లారక ముందే నొప్పులొచ్చినయ్. బిడ్డ కాళ్ళ దిక్కు నుండి వస్తాంది. బండిలకు తెచ్చి బల్ల మీద పండుకోబెట్టినం. సిస్టర్ పొట్ట మీద గొట్టం పెట్టి విని, బిడ్డ గుండె కొట్టుకుంటాంది, మెల్లగ కొట్టుకుంటాంది అన్నది. తర్వాత నన్ను బయటికి పొమ్మన్నది. ట్యాంకుల నీళ్ళు అయిపోయినయ్. సగమే కద నింపేది. బావి కాడికి నాలుగుసార్లు ఉరికిన.

మగపిల్లగాడు. ఊపిరి తీసుకోలే. సిస్టర్ నోట్ల నోరు పెట్టి ఊదింది, వీపు రుద్దింది, ఊదింది. చానసేపు చేసింది. మొగిలమ్మ ఇంక చాలు బిడ్డా అని భుజం పట్టుకుంటే గూడ చేసింది.

మల్లక్క బతికింది.

బయట మల్లక్క అత్త, గట్టయ్య అవ్వ, ఎడ్లబండి మీద కూసున్నది. తెల్లారంగనే ఎడ్లు కట్టిండ్రట, నెక్కొండ పోయి రైలెక్కిద్దామని. ఊర్లోళ్ళు ఇయ్యాల మంగళవారం కద, పదింటికి ఇల్లుబండి వస్తది కద, ఎడ్లబండి కుదుపులకు పిల్ల సస్తది అన్నరట. అందుకని ఎడ్లను విప్పిండ్రట. ఆమె నన్ను తిట్టలే. "పదింటి సంది తొవ్వ చూసినం బిడ్డా" అన్నది. అంతే అన్నది.

డిసెంబర్ 12

నెక్కొండ క్యాంపు. సిస్టర్ వెనక సీట్ల కూసున్నది.

డిసెంబర్ 13

నలభై అయిదు మీద అయిదు పాయింట్ ఒకటి వచ్చింది. ముప్పై అయిదు మీద నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చింది. సెప్టెంబర్ ఇరవై నాలుగు నాడు. గాలి లేదు ఆ రోజు. ఆకు గూడ కదల్లే.

డిసెంబర్ 15, శనివారం

వాపసు వచ్చేటప్పుడు గేటు పడ్డది. ఇంజను బంద్ చేసిన. వెనక నుండి ఏం మాటలు లేవు. మొగిలమ్మ గుర్రు పెడుతాంది. లేచి వెనకకు పోయిన. సిస్టర్ దూది చుడుతాంది.

"సిస్టర్, నలభై అయిదు మీద గూడ అయిదు వస్తది. ఇంక జర ఎక్కువనే వస్తది. సెప్టెంబర్లనే చూసిన నేను" అన్న.

ఆమె తల ఎత్తలే.

"డీజిల్ కొరకు కాదు నేను మెల్లగ నడిపింది" అన్న.

"తెలుసు" అన్నది. దూది చుట్టుడు ఆపలే. "దసరాకు ముందు యాకయ్య చెయ్యి కోసుకొని వచ్చిండు. కుట్లు నేనే ఏసిన. మీ డ్రైవర్ నా మాట వింటలేడు, నలభై అయిదు మీద పొమ్మని జర చెప్పు సిస్టర్ అన్నడు. చెప్తనన్న. చెప్పలే."

దూది ఉండ ఒకటి కింద పడితే తీసి ఆమెకు ఇచ్చిన.

"తప్పు నీ ఒక్కనిదే అనుకోకు. పేషెంట్లు నా కొరకు చూస్తరు, బండి కొరకు కాదు. తొవ్వ కాడ పదింటి సంది చూస్తరని నాకు తెల్వదా. పల్లీలు ఒలుసుకుంట కూసున్న."

రైలు వచ్చింది.  ఆ సప్పుడుల ఏం చెప్పినా వినబడకపోయేది. గేటు లేచినంక వెనక లారీవాడు హారన్ కొట్టిండు, పోయి బండి తీసిన.

వరంగల్ దాక నలభై అయిదు.

డిసెంబర్ 17, సోమవారం

డాక్టరు గారికి అంతా చెప్పిన. అంతా అంటే లెక్క సంగతి. ఆయన చానసేపు కండ్లద్దాలు తుడిచిండు. ముందుగాల వస్తే బిడ్డ బతికేదా అని అడిగిన. ఎదురుకాళ్ళ బిడ్డ, ఎవ్వరు చెప్పలేరు యోసేపూ, నేనుంటే గూడ చెప్పలేను అన్నడు. బతకదు అని అంటడేమో అని చూసిన. అనలే. బతికేది అని గూడ అనలే.

నౌకరి తీసెయ్యమన్న. తీసేస్తే మల్లాయకుంటకు ఎవరు పోతరు అన్నడు. ఎనిమిదింటికే బయలెల్లుమన్నడు. నోటీసు బోర్డు మీద నా పేరు నేనే తుడిచేసిన.

1980 జనవరి 7

సిస్టర్ వార్డు అడుక్కున్నదట. ఇచ్చిండ్రు. బండికి కొత్త సిస్టర్ వస్తది. నాకు చెప్పింది మొగిలమ్మ.

జనవరి 8, మంగళవారం

కొత్త సిస్టర్ చిన్నపిల్ల, మంచిదే. ముందర సీట్ల ఎక్కి కూసున్నది. వెనక కుదుపు తక్కువుంటదమ్మా అన్న. అబద్ధం అది. నీళ్ళ ట్యాంకు నిండ నింపుతాన ఇప్పుడు, అయినా వెనక కుదుపే ఎక్కువ.

మల్లాయకుంట తొమ్మిదిన్నరకు. అయిదుగురే వచ్చిండ్రు.

ఫిబ్రవరి 19

లీటరుకు అయిదు పాయింట్ ఒకటి. ఎవ్వరికి చెప్పలే. బుక్కుల రాసిన.

గట్టయ్య ఇయ్యాల వచ్చి చెంబుతోని నీళ్ళిచ్చిండు. తాగిన. ఆయనకు నిజం చెప్పాల్నని నోటి దాక వచ్చింది. చెప్పిన. మెల్లగ నడిపిన అని చెప్పిన. ఎందుకో చెప్పలే. ఆయన చెంబు తీసుకొని, ఇప్పుడు జల్ది వస్తానవు కద అన్నడు. వస్తాన అన్న. పోయిండు.

ఏప్రిల్ 22

మంగళవారం మంగళవారం పొద్దున లిదియా సిస్టర్ మందుల కిటికీ కాడ కనబడుతది. పెట్టెలు లెక్కపెట్టి కొత్త సిస్టర్‌కు ఇస్తది. నేను బండి కాడ టైర్లకు గాలి చూసుకుంట ఉంట. టైర్లల గాలి సరిగ్గనే ఉంటది.

జూన్ 3

వాన. గేటు కాడ ఇరవై నిమిషాలు. గూడ్సా ప్యాసెంజరా అని చెవి పెట్టి విన్న. తెల్వలే.

జూలై 19

మంగళవారం కిటికీ కాడ ఇంకో నర్సు ఉన్నది. సిస్టర్‌కు జ్వరమట. శనివారం దాక ఏ ఊర్ల ఏం చేసిననో యాది లేదు. వాపసు రాంగనే మొగిలమ్మను పంపిచ్చి అడిగిచ్చిన. తగ్గిందట. నువ్వే పోయి అడుగు కొడుకా, నీకు కాళ్ళు లేవా అన్నది. పోలే.

సెప్టెంబర్ 30

వార్డు ఊడ్చే రాజమల్లు మంచి అంగీ తొడుక్కున్నడు. చారల అంగీ, పాతదే, మడతలు పోలే ఇంక. ఎవరిచ్చిండ్రు అంటే లిదియా సిస్టర్ అన్నడు. బూట్లు గూడ ఇచ్చిందట, ఆయనకు పడలేదట.

1981 జనవరి 27, మంగళవారం

మల్లక్కకు మళ్ళ నెలలు నిండినయ్. ఇయ్యాల గట్టయ్య బండి కాడికి వచ్చిండు. శనివారం బండిల వరంగల్ తీసుకపోత రమ్మని నేనంటే మల్లక్క రానంటాంది, భయపడుతాంది. మొదటిసారి బల్ల మీద ఉన్నప్పుడు తన చెయ్యి పట్టుకున్న సిస్టర్ వస్తేనే ఎక్కుతదట. "ఆ సిస్టర్‌ను తేగలుగుతవా అన్నా" అని అడిగిండు.

తెస్త అన్న.

జనవరి 31, శనివారం

ఏడాది దాటింది ఆమెతోని మాట్లాడి. ఆడవాళ్ళ వార్డు బయట నిలబడ్డ. రాజమల్లు పిలిచిండు. చేతులు తుడుచుకుంట వచ్చింది. ముందుగాల వెంట్రుకలల తెలుపు ఇంత లేకుండె.

మల్లక్క సంగతి చెప్పిన.  వెనకకు తిరిగి కిటికీల నుండి బయటికి చూసింది.

"నేను పట్టుకున్న పిల్లగాడు చేతులల్ల పోయిండు. మళ్ళ నన్నే అడుగుతాందా ఆమె" అన్నది.

"నిన్నే అడుగుతాంది."

"ఎన్నింటికి పోతరు ఇప్పుడు?"

"ఎనిమిదికి బయలెల్లుతం. తొమ్మిదిన్నర, ఎక్కువంటే పావు తక్కువ పది."

డాక్టరు గారిని నువ్వు అడుగు, నాకు అడగబుద్ధి కాదు అన్నది. అడిగిన. మంగళవారం ఒక్కరోజుకు ఇచ్చిండు. బుధవారం పొద్దున ఏడింటికి మళ్ళ వార్డుల ఉండాలె. నెక్కొండల సాయంత్రం ప్యాసెంజర్ ఎక్కితే సరిపోతది.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఎనిమిదికి అయిదు నిమిషాలు తక్కువుండంగనే బయలెల్లినం. కొత్త సిస్టర్‌ను వార్డుల పెట్టి లిదియా సిస్టర్ వచ్చింది. వెనకనే కూసున్నది. నేను అద్దంల చూడలే. ఒకసారి చూసిన.

గేటు పడలే. చాయ్ తాగలే. తొమ్మిదీ ఇరవైకి మల్లాయకుంట.

మల్లక్కకు పొద్దున్నే నొప్పులు మొదలైనయ్, వారం రోజులు ముందే. గట్టయ్య ఎడ్లను కట్టి పెట్టి ఉంచిండు. విప్పలే. విప్పలేదని నాకు చూపించిండు గూడ. ఏమనుకోకు అన్నా అన్నడు. ఏమనుకుంట.

బల్ల మీద పండుకోబెట్టినంక సిస్టర్ గొట్టం పెట్టి విన్నది. చానసేపు విన్నది. బిడ్డ తల కిందికే ఉన్నది అన్నది. ఇక్కడనే అయితది, కదిలియ్యొద్దు అన్నది. ట్యాంకుల నీళ్ళు నిండ ఉన్నయ్. ఉక్కపోస్తాందని ఇంజను నడిపిచ్చి ఫ్యాన్ ఏసిన. మూడు గంటలు నడిచింది. డీజిల్ గురించి ఎవ్వరు అడగలే.

నేను బండి చుట్టు తిరుగుతాన. గట్టయ్య నా ఎనుక తిరుగుతాండు.  గట్టయ్య అవ్వ మాత్రం అప్పటిలెక్కనే ఎడ్లబండి మీద కూసొని ఉన్నది, దిగమంటే దిగలే.

పన్నెండున్నరకు ఏడుపు వినబడ్డది. ఇంజను సప్పుడుల నాకు సరిగ్గ వినబడలేదేమోనని ఉరికి పోయి ఇంజను బంద్ చేసిన. మళ్ళ వినబడ్డది. గట్టి గొంతు. ఆడపిల్ల. ముసలామె ఎడ్లబండి దిగి మెల్లగ నడుచుకుంట వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఏడుస్తాంది. నేను గూడ.

సిస్టర్ మెట్ల మీద వచ్చి నిలబడ్డది. మోచేతుల దాక తడి. నన్ను చూసింది. తలుపు పట్టుకొని అక్కడనే కూసున్నది.

మిగిలిన పేషెంట్లను చూసెటాళ్ళకు నాలుగయింది. తల్లీబిడ్డ బాగున్నరు, ఇంట్లనే ఉంటరు. రాత్రికి కనిపెట్టుకోను మొగిలమ్మ ఆడనే ఆగింది, రేపు పొద్దున వచ్చి తీసుకపోవాలె. బండిని నెక్కొండ దిక్కు తీసిన. స్టేషన్‌కు పదహారు కిలోమీటర్లు. ప్యాసెంజర్ ఆరింటికి.

ఊరు దాటెదాక ఆమె వెనకనే ఉన్నది. చెరుకు తోటల కాడ లేచి వచ్చి ముందర సీట్ల కూసున్నది. నేను నలభై అయిదు మీదనే పోతాన.  ఎండ చల్లబడ్డది. ఆమె చేతుల సబ్బు వాసన వస్తాంది.

కొంత దూరం పోయినంక, తొవ్వనే చూసుకుంట అన్నది: "ఇప్పుడు మన కొరకు తొవ్వ చూసేటోళ్ళు ఎవ్వరు లేరు కద."

"లేరు" అన్న.

"జర మెల్లగ పో."

ముప్పైకి తెచ్చిన. తర్వాత ఇరవై అయిదుకు. టాప్ గేర్ల ఇంజను కొట్టుకుంటాంటే థర్డ్ ఏసిన. థర్డ్ గేర్ల బండి డీజిల్ ఎక్కువ తాగుతది. తాగనీ అనుకున్న.